వెనక సీటు

మా మావయ్యగారు మోటార్‌సైకిల్ కొనేముందు నడిపి చూడరు, స్టార్ట్ చేసి వింటారు. కళ్లు మూసుకుని, తల కొంచెం పక్కకు వంచి, ఎడం అరచేత్తో తొడ మీద తాళం వేసుకుంటూ వింటారు. ఉద్యోగమంతా విజయనగరంలో పిల్లలకు మృదంగం నేర్పి రిటైరైన మనిషి. ఇంజిను దెబ్బలో నడక కుదరకపోతే ఆ బండి ఎంత గొప్పదైనా ఆయనకు అక్కర్లేదు. ఆ దసరాకి మా ఇంటికొచ్చిన నారింజ రంగు బండి ఆయన చెవికి మహా నచ్చింది. అత్తయ్య బొబ్బిలిలో నవరాత్రులకు పాడడానికి వెళ్లినప్పుడు కొనేశారు. ఆ దసరా నుంచి కార్తీక పౌర్ణమి దాకా వాళ్లిద్దరి మధ్య మాటలు మోసే పని నాకు పడడానికి కారణం అదే.

నా పేరు ఆమని. శ్రీకాకుళంలో ఆ ఇంటి కోడల్ని, జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. మా ఆయన హరిచరణ్‌కి తండ్రి బళ్ల పిచ్చి ఒక్క పిసరు కూడా రాలేదు. స్కూటర్ మీద నలభై దాటితే ఆయనకు అరచేతులు చెమటలు పడతాయి. అత్తమామలు మాత్రం ఏటా చలికాలం మొదట్లో పాత నల్ల బుల్లెట్ మీద ఎక్కడికో ఒక చోటికి వెళ్లొచ్చేవారు. పూరీ, రామేశ్వరం, కాశీ. ధనుర్మాసానికల్లా ఇంటికి చేరాలి, ఎందుకంటే ఆ నెలంతా తెల్లవారకముందే గుడిలో అత్తయ్య పాడాలి. అది ఆవిడ పుట్టింటి నుంచి వచ్చిన సేవ.

ఆ ఏడాది గోకర్ణం అనుకున్నారు. దేవుడి కోసం మాత్రమే కాదు. మన వైపు సూర్యుడు సముద్రంలోంచి పైకి రావడమే గాని, సముద్రంలోకి దిగడం ఎవరమూ చూడలేం. ఒక్కసారి పడమటి సముద్రం చూడాలని అత్తయ్యకు ఎన్నాళ్లనుంచో ఉంది. అదీ బండి మీదే వెళ్లి చూడాలి. రైల్లో తీసుకెళ్తానని మా ఆయన అంటే, "రైల్లో అందరూ వెళ్తారు కదరా" అని కొట్టిపారేశారు.

బొబ్బిలి నుంచి వచ్చిన రోజు ఆవిడ చేతి సంచీ కింద పెట్టకుండానే కొత్త బండి చుట్టూ ఒకసారి తిరిగారు. మావయ్య గుమ్మంలో నిలబడి, కొత్త పెళ్లికొడుకులా నవ్వుతున్నారు.

"పాతది ఏదండీ?"

"ఇచ్చేశాను. రాయపూర్ కుర్రాడొకడు పట్టుకుపోయాడు."

"ఎప్పుడు?"

"నువ్వు బొబ్బిల్లో ఉన్నప్పుడే. ఇలా రా సుందరీ, దీన్ని ఒకసారి విను."

స్టార్ట్ చేశారు. నిజంగానే మంచి చప్పుడు, గుండ్రంగా, తొట్రుపాటు లేకుండా. అత్తయ్య చివరిదాకా విన్నారు. ముందు సీటు కంటే జానెడు పైన, చిన్న పీటలా విడిగా ఉన్న వెనక సీటు వైపు కూడా చూశారు.

"ఎలాగుంది?"

"చప్పుడు బాగుంది" అని లోపలికి వెళ్లిపోయారు.

ఆ ఆదివారం అందరం కళింగపట్నం వెళ్లాం, అత్తమామలు కొత్త బండి మీద, మేమిద్దరం స్కూటర్ మీద. అక్కడ సముద్రం ఒడ్డున నారాయణమూర్తి ఇంటి ముందు ఒక పాక ఉంది. చేపల వ్యాపారం వాళ్లది. ఆదివారం పొద్దున్న పూట మాత్రం ఆ పాక బళ్ల పిచ్చోళ్లది. విజయనగరం నుంచి మందుల షాపు గిరిబాబు వస్తాడు, శ్రీకాకుళం నుంచి కొరియర్ ఆఫీసు వెంకీ వస్తాడు, మా మావయ్య వెళ్తారు. నారాయణమూర్తి భార్య లక్ష్మణమ్మ పక్కన ఎండు చేపలు తిరగేసుకుంటూ, మధ్యమధ్య టీ ఇస్తూ, వాళ్ల గొప్పలు వింటూ ఉంటుంది.

"హైవే మీద నూటపదిలో పోతుంటే ట్యాంకు మీద టీ గ్లాసు పెట్టండి, తొణికితే నన్నడగండి" అంటున్నాడు గిరిబాబు. అతనిది రెండు సిలిండర్ల బండి. "ఇంతకు ముందుది కూడా మంచిదే. కన్యాకుమారి దాకా వెళ్లొచ్చాను. కానీ దిగాక చేతులు ఒక పూట వరకూ వణికేవి. అన్నం ముద్ద నోటికి తిన్నగా వెళ్లేది కాదు."

"హైవే మీద ఎవుడైనా పోతాడు బావు. రాళ్లలోకి దింపు, అప్పుడు సూద్దాం" అన్నాడు నారాయణమూర్తి. "నా బండి సూడు. లడక్‌లో వాగులు దాటింది. ఇక్కడికొచ్చి సేపల బుట్టలు మోస్తన్నాది. రెండిట్లోనూ అదే మొహం పెట్టింది, ఏటీ అనుకోలేదు."

వెంకీది ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన బండి. "గాలి మీద పడితే ఎన్ని సిలిండర్లుంటే ఏం లాభం? నా బండి మీద వంగి కూర్చుంటే గాలి తలపై నుంచి పోతాది. బెంగళూరు వెళ్లి దిగితే క్రాపు కూడా చెదర్లేదు."

"నీ నడుం చెదిరింది కదరా. వారం రోజులు వంగే నడిచావు" అన్నాడు గిరిబాబు.

మావయ్య వంతు వచ్చింది. "నా మొదటి బండి రాజ్‌దూత్. అది ఆదితాళం, ఎక్కడికి తీసుకెళ్లినా నిదానమే. తర్వాత యెజ్డీ. అదెప్పుడూ ద్రుతకాలమే, పల్లవి పాడేలోపు పక్క ఊరు వచ్చేసేది. ఆ తర్వాత బుల్లెట్. అది విలంబకాలం, తొందరెరగని దొర. ఇదిగో ఇది మిశ్రచాపు. వినండి." అని మళ్లీ స్టార్ట్ చేశారు. ముగ్గురూ తలలు వంచి విన్నారు. మిశ్రచాపు అంటే ఏడక్షరాల తాళమని వాళ్లకు తెలీదు, అయినా విన్నారు.

అంతసేపూ అత్తయ్య లక్ష్మణమ్మ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పాదాలు నొక్కుకుంటున్నారు. ఎవరూ ఆవిణ్ణి ఏమీ అడగలేదు. నేనూ అడగలేదనుకోండి. బయల్దేరే వేళకు చూస్తే ఆవిడ కుర్చీలో లేరు.

"అమ్మ ఏది?" అని మా ఆయన కంగారు పడ్డాడు.

"బస్సెక్కేసినారు బావు. నాను సూస్తండగానే ఎక్కేసినారు. సీటు కూడా దొరికినాది" అంది లక్ష్మణమ్మ, మావయ్య వైపు ఓరగా చూస్తూ.

మేం ఇల్లు చేరేసరికి అత్తయ్య వంకాయలు తరుగుతున్నారు. మావయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"ఏటే, బస్సులో వచ్చేశావు?"

"ఆ బండి నేనెక్కను."

"ఎందుకు?"

"ఎక్కను."

"మరి గోకర్ణం?"

అత్తయ్య వంకాయలు నీళ్లలో వేశారు. ఆ రోజు నుంచి మాటలు మోసే నా పని మొదలైంది. "మీ మావయ్యగారిని అన్నానికి రమ్మను." "మీ అత్తయ్యని చెంబు ఎక్కడ పెట్టిందో అడుగు." దీపావళి నాడు కూడా, ఇద్దరూ ఒకే వాకిట్లో నిలబడి, కాకరపువ్వొత్తులు నా చేతుల మీదుగా ఇచ్చిపుచ్చుకున్నారు.

ఒక సాయంత్రం వంటింట్లో నేనే అడిగేశాను. అత్తయ్య కాసేపు పప్పు ఎనిపారు. తర్వాత చెప్పారు.

"పాత బండి సీటు చాప పరిచినట్టు సాపుగా ఉండేదే. నా గడ్డం ఆయన భుజానికి అందేది. ఊరు దాటగానే పాడేదాన్ని. ఆయన ఎడం చెయ్యి తీసి పెట్రోలు ట్యాంకు మీద వాయించేవారు. కాశీ దాకా అలాగే వెళ్లాం. గుడిలో నేను పాడితే మృదంగం ఉండదు. ఆయన కచేరీలకి వెళ్తే నేనుండను. ఇంట్లో శిష్యులు, వంట, వచ్చేపోయేవాళ్లు. ఆయన నాకు వాయించింది ఆ ట్యాంకు మీదే." గరిటె పక్కన పెట్టారు. "ఇప్పుడు ఆ అటక మీద కూర్చోబెట్టారు నన్ను. నా గొంతు గాల్లోకి పోతోంది. మొన్న కళింగపట్నం వెళ్తుంటే సింగుపురం దాటాక రెండుసార్లు ఎత్తుకున్నాను. ఆయన వెనక్కి కూడా తిరగలేదు."

ఇన్నేళ్లూ వీళ్లు తీర్థయాత్రలకు వెళ్తున్నారనుకున్నాను.

"మరి ఆయనకు చెప్పెయ్యొచ్చు కదా అత్తయ్యా."

"ఇంజిను ఎలాగుందో నలుగురిని పిలిచి వినిపించారు. వెనక నీకెలా ఉంటాదే అని ఒక్క ఫోను చెయ్యలేదు. అడగనీ, చెబుతాను. నువ్వు మాత్రం నోరెత్తకు, ఆమనీ."

నేను నోరెత్తలేదు. అది ఎంత కష్టమో ఆ నెల తెలిసింది, ఎందుకంటే మావయ్య అడగడం తప్ప అన్నీ చేశారు. నడుం నొప్పి అనుకుని వెనక ఆనుకునే దిండు తెప్పించారు. మోకాళ్లు అనుకుని ఎక్కడానికి అదనపు మెట్టు బిగించారు. చీర చిక్కుకుంటుందని అనుకుని చక్రానికి అడ్డంగా జల్లెడ పెట్టించారు. కొరియర్ వచ్చినప్పుడల్లా వెంకీయే తెచ్చేవాడు, తెచ్చి వాకిట్లో నిలబడి, "ఈసారైనా ఎక్కుతారా అమ్మగారు?" అని నన్ను గుసగుసగా అడిగేవాడు. అత్తయ్య తలుపు చాటు నుంచి చూసి వెళ్లిపోయేవారు. బండి మాత్రం రోజురోజుకీ నగలు పెట్టుకుంటూ పోయింది.

చివరికి మావయ్యకు రోషం వచ్చింది. ఒక పొద్దున్న హెల్మెట్ పెట్టుకుని, నాతో అన్నట్టుగా ఇల్లంతా వినపడేలా అన్నారు. "గోకర్ణం నేనొక్కణ్ణే పోతాను. ముందు సాలూరు ఘాటీ ఎక్కి కోరాపుట్ పోయి, రేపు వస్తాను."

అదే రోజు సాయంత్రం దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చేశారు. అత్తయ్య తులసికోట దగ్గర వత్తి వెలిగిస్తూ తల తిప్పకుండా వింటున్నారు.

"ఏం మావయ్యా, వచ్చేశారు?"

"ఘాటీ రోడ్డు బాగులేదమ్మా."

కాసేపటికి నారాయణమూర్తి వచ్చాడు, మార్కెట్ పని మీద ఊళ్లోకి వచ్చి అలాగే పలకరించిపోదామని. "ఘాటీ ఎల్లొచ్చినారంట కదా మేస్టారూ. కొత్తగా ఏసినారు రోడ్డు, అద్దంలాగున్నాది కదా" అన్నాడు. మావయ్య కాఫీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయారు. నేను నవ్వు ఆపుకోలేక పెరట్లోకి వెళ్లాను.

అన్నాల దగ్గర ఆయనే, ఎవరితోనూ కాదు, మజ్జిగతో అన్నట్టు అన్నారు. "ట్యాంకు మీద అంతా ప్లాస్టిక్కే. వాయిస్తే పలకదు."

అత్తయ్య చేతిలో గరిటె ఆగింది. ఆయన వాయించి చూశారన్నమాట, ఒక్కరే, ఘాటీలో. ఆవిడ ఇంకొంచెం మజ్జిగ ఆయన కంచంలో పోశారు. ఆ శనివారం నాతో అన్నారు, "రేపు కళింగపట్నం నేనూ వస్తాను. మనిద్దరం బస్సులో పోదాం."

మేం చేరేసరికి పాకలో వాదన జోరుగా ఉంది. అత్తయ్య పమిట చెంగు నడుముకు దోపుకుని తిన్నగా వాళ్ల మధ్యకు వెళ్లి నిలబడ్డారు. ముగ్గురూ లేచారు. మావయ్య లేవలేదు, ప్లాస్టిక్ కుర్చీలో కాలి మీద కాలు వేసుకుని సముద్రం వైపు తిరిగారు.

"మీ బళ్ల గురించి మీరు చెప్పుకుంటారు, వింటూనే ఉన్నాను. వెనక సీటు ఎలాగుంటాదో నేను చూస్తాను. ఒక్కొక్కరూ లైట్‌హౌస్ దాకా తీసుకెళ్లి తీసుకురండి" అన్నారు.

"ఎక్కండమ్మా ఎక్కండి. ఇన్నాళ్లకి ఒక మనిషి అడిగినాది" అని లక్ష్మణమ్మ చేపల దగ్గర నుంచి చేతులు కడుక్కుని వచ్చేసింది. "నాను సెప్పనా? ఎనక కూర్సున్నోళ్లకి లడక్ అయినా ఒకటే, సీకాకుళం అయినా ఒకటే. కనిపించీది ఈడి ఈపు."

ముందు వెంకీ. ఆ ముక్కు బండి వెనక సీటు ఎక్కడానికి అత్తయ్యకు నేనూ లక్ష్మణమ్మా చెరో పక్కా పట్టుకోవలసి వచ్చింది. వెళ్లి వచ్చారు. దిగి చీర సర్దుకుని అడిగారు.

"నేనేం పాడాను?"

వెంకీ తెల్లబోయాడు. "మీరు పాడారా అమ్మా? చైను చప్పుడనుకున్నాను. ఇంటికెళ్లాక ఆయిల్ వేద్దామనుకుంటున్నాను."

తర్వాత గిరిబాబు. వాళ్లు లైట్‌హౌస్ దగ్గర ఆగడం, అతను జేబు తడుముకోవడం మాకు ఇక్కడికి కనిపించింది. తిరిగొచ్చాక చెప్పాడు. "ఏదో వినిపించింది. ఫోను మోగుతోందనుకుని ఆపాను. అమ్మగారూ, కాళ్లకి వేడి తగిలిందేటి?"

"కాళ్లు బాగానే ఉన్నాయి నాయనా. సీటు కూడా మెత్తన. కానీ గోడకవతల మనిషిలా ఉన్నావు" అన్నారు అత్తయ్య.

ఇక నారాయణమూర్తి. అతని బండికి పొడుగాటి సాపు సీటు, దాని మీద ఉప్పు మరకలు. అత్తయ్య ఎవరి సాయం లేకుండా ఎక్కారు. వాళ్లు నెమ్మదిగా వెళ్లారు, ఇంకా నెమ్మదిగా వచ్చారు. నారాయణమూర్తి బండి ఆపి, స్టాండు వేసి, అత్తయ్య అడగకముందే తల గోక్కుంటూ కూనిరాగం తీయడం మొదలుపెట్టాడు. శ్రుతి లేదు, మాటలు లేవు, రెండు చోట్ల మింగేశాడు. అయినా ఏదో ఒక పాట అది.

"ఇదేనా అమ్మగారూ? ఉయ్యాల ఊపినట్టుగున్నాది. ఇంకొంచెం దూరం పోదునేమో, ఆవుల మంద అడ్డొచ్చీసింది."

మావయ్య సముద్రం వైపు నుంచి ఇటు తిరిగారు.

"మళ్లీ అను" అన్నారు.

నారాయణమూర్తి మళ్లీ అన్నాడు, ఈసారి ఇంకా అన్యాయంగా.

"ఆనందభైరవి" అన్నారు మావయ్య. ఎవరితోనూ కాదు. కాలి మీద కాలు తీసేశారు. ఎడం అరచెయ్యి తొడ మీదకు వెళ్లింది, రెండు దెబ్బలు వేసి ఆగిపోయింది. లక్ష్మణమ్మ టీ గ్లాసులు నింపుతోంది. ఆయన లేచి వెళ్లి ఆమె చేతిలోంచి ఒక గ్లాసు తీసుకుని, మరీ నిండుగా ఉందేమో కింద చూసుకుంటూ నడిచి, అత్తయ్య దగ్గరకు తెచ్చారు.

"సుందరీ, నా వెనక నువ్వెక్కడుండాలి?"

అత్తయ్య టీ అందుకున్నారు. రెండో చేతిని ఆయన కుడి భుజం మీద, చెవికి కొంచెం కింద పెట్టారు.

"ఇక్కడ."

"సరే" అన్నారు ఆయన.

అంతే. నాకు మాత్రం అక్కడే గట్టిగా ఏడవాలనిపించింది, ఎందుకో మరి, సంతోషంగా ఉన్నప్పుడే నాకు ఏడుపొస్తుంది. లక్ష్మణమ్మ నా వీపు మీద చరిచి, "ఏటమ్మా, టీ సల్లారిపోతాది" అంది.

వెంకీ ఊరుకోడు కదా. "మేస్టారూ, దీనికి ఇంత ఎందుకండీ? హెల్మెట్లో పెట్టుకునే మైకులున్నాయి. ముందోళ్లూ వెనకోళ్లూ మాట్లాడుకోవచ్చు. రేపే తెప్పిస్తాను."

"వద్దురా. మైకు పెట్టిన పాట జన్మంతా విన్నాను" అన్నారు మావయ్య.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఊళ్లో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర సీట్లు కుట్టే నరేష్ షాపుకి వెళ్లారు. కాలేజీకి సెలవు పెట్టి నేనూ వెళ్లాను, ఆ తమాషా వదులుకోవడం నా వల్ల కాలేదు. అత్తయ్య రోడ్డు మీద, స్టాండు వేసిన బండి మీద కూర్చుని, "ఇంకా కొయ్యి" అంటారు. నరేష్ స్పాంజి కోస్తాడు. ఆవిడ మళ్లీ ఎక్కి కూర్చుని గడ్డం ముందుకు పెట్టి చూసి, "ఇంకొంచెం" అంటారు. ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్లే ఆటోలన్నీ ఆగి చూసి వెళ్తున్నాయి.

"వెనక ఇంక తగ్గదండీ, కింద ఇనుమే ఉంది" అన్నాడు నరేష్. "ముందు సీటు పెంచితే సమానానికి వస్తాది. కానీ మేస్టారుకి కాళ్లు నేలకి అందవు."

"వేళ్లు అందుతాయేటి?" అన్నారు మావయ్య.

"వేళ్లయితే అందుతాయి."

"చాలదేటి మరి. పెంచు."

ఆ సాయంత్రమే మావయ్య చెప్పులు కుట్టే చోట బూట్లకు కింద ఇంకో అట్ట వేయించుకున్నారు. వాటితో ఇంట్లో నడుస్తుంటే గుమ్మానికి తల తగులుతుందేమోనని మా ఆయన చెయ్యి అడ్డుపెట్టాడు. తెప్పించిన దిండు, మెట్టు, మిగిలిన నగలన్నీ విప్పించి అటకెక్కించారు. చక్రానికి జల్లెడ మాత్రం అత్తయ్య ఉంచమన్నారు. "అది పనికొచ్చేదే" అన్నారు.

కుట్టిన సీటు ఎలా ఉందో చూడడానికి శ్రీముఖలింగం దాకా వెళ్లొచ్చారు. గేటు దగ్గర దిగినప్పుడు అత్తయ్య ఎడం మోకాలు రాసుకుంటున్నారు.

"దెబ్బ తగిలిందా అత్తయ్యా?"

"లేదే."

"మరి?"

"ట్యాంకు పలకదు కదా" అన్నారు ఆవిడ, చాలా గంభీరంగా. "దీని మీద వాయించారు."

మావయ్య హెల్మెట్ తీయకుండానే లోపలికి వెళ్లిపోయారు. సిగ్గుపడితే మనిషి ఎంత వేగంగా నడుస్తాడో ఆ ఎత్తు బూట్లలో చూడాలి.

కార్తీక పౌర్ణమి వెళ్లిన మర్నాడు బయల్దేరారు. గిరిబాబు విజయనగరం నుంచి మందుల పొట్లం పట్టుకొచ్చాడు, దేనికి ఏది వెయ్యాలో రెండుసార్లు అప్పజెప్పించుకున్నాడు. వెంకీ టైర్లలో గాలి చూశాడు. లక్ష్మణమ్మ నారాయణమూర్తి బండి వెనక కూర్చుని వచ్చింది, చేతిలో వేయించిన జీడిపప్పు డబ్బాతో.

"నేనూ అడిగీసినాను అమ్మగారూ" అంది అత్తయ్యతో. "లడక్ కాదు, మా అప్పనిచ్చిన ఊరు గోపాల్‌పూర్ తీసుకెల్లమన్నాను. సేపల బుట్ట కట్టీ తాడు ఇప్పేసి, సీటు కడిగినాడు ఈడు. పెల్లినాడు కూడా ఇంత సుబ్రంగా లేడు."

నారాయణమూర్తి బండి అద్దం తుడుచుకుంటూ వినపడనట్టు నటించాడు.

మావయ్య వేళ్ల మీద నిలబడి బండిని నిలబెట్టారు. అత్తయ్య ఎక్కి కూర్చుని గడ్డం ఆయన భుజం దగ్గర పెట్టుకుని, ఒకసారి అటూ ఇటూ కదిలి సరిచూసుకున్నారు. "పదండి" అన్నారు. వాళ్లు ఏటి వంతెన దాటేదాకా చూశాం. పాట ఎక్కడ మొదలైందో మాకు తెలియలేదు.

ఇల్లు బోసిపోయింది. మాటలు మోసే పని లేక నాకు ఒక చెయ్యి తీసేసినట్టుగా ఉండేది. రోజూ రాత్రి భోజనాల వేళకు ఫోను చేసేవారు, రాజమండ్రి దాటామనో, బళ్లారిలో మిరపకాయ బజ్జీ తిన్నామనో. గోకర్ణం చేరే రోజు మేమిద్దరం సాయంత్రం నుంచీ ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. బయట చీకటి పడింది. అక్కడ ఇంకా కొంచెం వెలుగు ఉంటుందని నేను లెక్కలు చెప్పాను. ఇంకా మోగదేం అని మా ఆయన ఒకటే తిరగడం.

మోగింది.

"చేరామే" అన్నారు అత్తయ్య. వెనక సముద్రం హోరు.

"చూశారా? సూర్యుడు దిగడం చూశారా?"

"ఎక్కడే. మేం వచ్చేసరికి చీకటి పడిపోయింది."

నా ప్రాణం ఉసూరుమంది. "అయ్యో. బండి ఆగిపోయిందా?"

"బండికేం, రాయిలా ఉంది. హుబ్లీ దాటాక మీ మావయ్యే ఆపేశారు. రెండో చరణం నేను ముందే ఎత్తేసుకున్నానట. నేను సరిగ్గానే ఎత్తుకున్నాను. ఆయనే మోకాలి మీద ఆలస్యంగా కొట్టారు. దిగి రోడ్డు పక్కన నిలబడి ఇద్దరం మొదటి నుంచీ పాడి, వాయించి చూసుకున్నాం. లారీవాళ్లు ఆగి విన్నారు. ఒకాయన మాకు చెరుకు ముక్కలిచ్చాడు. అది తేలేసరికి వాడెళ్లిపోయాడు."

"ఎవరు?"

"సూర్యుడేనే."

"ఏం తేలింది మరి?"

"ఏటీ తేల్లేదు" అన్నారు అత్తయ్య, నవ్వు ఆపుకోలేక. దూరం నుంచి మావయ్య గొంతు వినిపించింది, "ముందే ఎత్తుకుంది. నేను చెప్తన్నాను కదా, ముందే ఎత్తుకుంది."

"రేపు చూస్తారా అత్తయ్యా?"

"రేపు చూస్తాం. మబ్బు పడితే ఎల్లుండి చూస్తాం. వాడు రోజూ ఇక్కడే కదా దిగేది. ఉంటానే, ఆయన ఇసుకలో కూర్చుని మళ్లీ మొదలెట్టారు" అని పెట్టేశారు.

నేను కాపురానికి వచ్చాక ఆవిడ అలా నవ్వడం ఎప్పుడూ వినలేదు. ఆవిడ చెప్పిందంతా మా ఆయనకు చెప్పాను, మోకాలితో సహా. ఆయన నవ్వాడు, తర్వాత నవ్వడం ఆపేశాడు. అన్నం కలుపుతూ కలుపుతూ కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఆమనీ, మన స్కూటర్ వెనక నీకెలా ఉంటాది?"

నేను స్టవ్ కట్టేసి వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాను. చెప్పడానికి చాలా ఉంది.